సీతాకోకచిలకల గుంపుకి పేరేంటి? – మీ ప్రశ్నలు, నా జవాబులు

పోయిన సంచికలో తోటలో తిరిగే జీవుల గురించి రాస్తూ మాటవరసకి "సీతాకోకచిలకల గుంపు" అని రాశాను, అంతే, ఉత్తరాలే ఉత్తరాలు. గుంపు అనే మోటు మాట వాటికి వాడతారా అని కొందరు కోప్పడ్డారు, ఇంగ్లీషులో దానికి ఎంతో అందమైన పేరుంది తెలుసా అని కొందరు రాశారు, తెలుగులో ఎందుకు లేదని ఇంకొందరు బాధపడ్డారు. అందుకే ఈసారి కాలమ్ మొత్తం దీనికే ఇచ్చేస్తున్నా.

ప్రశ్న: అక్కా, నేను ఐదో తరగతి పిల్లలకి పాఠాలు చెప్తాను. మొన్న సమూహ నామాలు చెప్తుంటే ఒక పాప లేచి సీతాకోకచిలకల గుంపుని ఇంగ్లీషులో ఏమంటారు మిస్ అని అడిగింది. స్వార్మ్ అన్నాను. వెనక బెంచీలోంచి ఒక బాబు, కాదు మిస్ కెలైడోస్కోప్ అంటారు అన్నాడు. ఇంటికెళ్ళి వెతికితే ఫ్లట్టర్, రాబుల్, ఫ్లైట్ అని ఇంకో మూడు దొరికాయి. ఇందులో ఏది రైటు? – ఒక టీచర్

జవాబు: టీచర్ గారూ, మీరు చెప్పింది రైటే, బాబు చెప్పిందీ తప్పని అనలేం. ఎందుకంటే ఫలానా జీవుల గుంపుని ఫలానా మాటతోనే పిలవాలని తీర్పిచ్చే పెద్దమనిషి ఎవరూ లేరు. పురుగుల మీద పనిచేసే శాస్త్రవేత్తలు స్వార్మ్ అనో, అగ్రిగేషన్ అనో, రాత్రి ఒకచోట వాలి ఉంటే రూస్ట్ అనో మామూలు మాటలే రాసుకుంటారు, కెలైడోస్కోప్ అని రీసెర్చి పేపర్లో రాసేవాళ్ళు అరుదు.

మరి ఈ పేర్లన్నీ ఎక్కడివంటే, ఇంగ్లండులో పెద్దింటివాళ్ళ వేట సరదాల్లోంచి మొదలయ్యాయి. 1486లో సెయింట్ ఆల్బన్స్ అనే ఊళ్ళో ఒక పుస్తకం అచ్చయ్యింది, డేగలతో వేట ఎలా ఆడాలి, జంతువుల వేట ఎలా చెయ్యాలి అని అందులో ఉంటుంది, జూలియానా బెర్నర్స్ అనే ఆవిడ పేరు దానికి ముడిపెట్టి చెప్తారు. అందులో ఒక పొడవాటి జాబితా ఉంది, ఏ జంతువుల గుంపుని ఏమనాలి అని. కాకుల గుంపు మర్డర్, భరతపక్షుల గుంపు ఎగ్జాల్టేషన్, గోరింకల చుట్టాలైన స్టార్లింగుల గుంపు మర్మరేషన్, ఇవన్నీ అక్కడివే. ఇంకో సంగతేంటంటే అదే జాబితాలో మనుషుల గుంపులకి కూడా పేర్లున్నాయి, అంటే అప్పటికే అదొక మాటల సరదా అయిపోయిందన్నమాట. ఆ సరదా వందల ఏళ్ళు సాగింది, ఒకరు ఒకటి కలిపితే ఇంకొకరు ఇంకోటి కలుపుతూ పోయారు, 1968లో జేమ్స్ లిప్టన్ అనే ఆయన వీటి మీదే ఒక పుస్తకం వేసేసరికి మళ్ళీ కొత్త ఊపొచ్చింది.

ఇక మీ బాబు చెప్పిన మాట దగ్గరికొద్దాం. కెలైడోస్కోప్ అనే మాటకి పుట్టిన తేదీ ఉంది, అది పిల్లలకి చెప్తే బాగా ఆనందపడతారు. స్కాట్లండు శాస్త్రవేత్త డేవిడ్ బ్రూస్టర్ 1816లో ఆ గొట్టాన్ని కనిపెట్టాడు, 1817లో పేటెంట్ తీసుకున్నాడు, అందం, ఆకారం, చూడటం అనే అర్థాలున్న మూడు గ్రీకు మాటలు కలిపి ఆ పేరు పెట్టింది కూడా ఆయనే. లోపల అద్దాలు, గాజుముక్కలు, కన్ను పెట్టి తిప్పుతుంటే రంగులు మారిపోయే ఆ గొట్టం మీ పిల్లలు చూసే ఉంటారు. గొట్టమే 1816 ముందు లేనప్పుడు సీతాకోకచిలకలకి ఆ పేరు అంతకుముందు ఉండే ఛాన్సే లేదు కదా. కాబట్టి ఇది పాతకాలపు మాట అని ఎవరన్నా నమ్మకండి.

నన్నడిగితే మాత్రం ఈ అన్నిట్లో నాకు నచ్చేది రాబుల్. రాబుల్ అంటే అల్లరిమూక, ఒక పద్ధతీ పాడూ లేని జనం. అందమైన జీవికి అంత మాటా అని మీకనిపించొచ్చు కానీ, ఒక్కసారి సీతాకోకచిలక ఎగరడం చూడండి. కుడికి పోతున్నట్టే ఉండి ఎడమకి, పైకి లేచినట్టే లేచి కిందకి, ఎక్కడా గీత గీసినట్టు పోదు. అది దాని చేతగానితనం కాదండి, పక్షి ముక్కుకి అందకుండా ఉండటానికి అలా ఎగురుతుంది, వచ్చే క్షణంలో ఎటు తిరుగుతుందో తెలియని దాన్ని గాల్లో పట్టుకోవడం పిట్టకి చాలా కష్టం. తింటే చేదుగా, విషంగా ఉండే జాతులైతే తీరిగ్గా, దాదాపు తిన్నగా ఎగురుతాయి, వాటికి ఆ కంగారు అక్కర్లేదు. కెలైడోస్కోప్ అన్నవాళ్ళు వాటి రంగుల్ని చూశారు, రాబుల్ అన్నవాళ్ళు అవి ఏం చేస్తున్నాయో చూశారు, నా దృష్టిలో రెండోదే గొప్ప చూపు.

పరీక్షలో స్వార్మ్ రాస్తే మార్కులు వెయ్యండి, కెలైడోస్కోప్ రాసినా వెయ్యండి. వీలైతే ఐదు పేర్లూ బోర్డు మీద రాసి, ఏ పేరు పెట్టినవాళ్ళు దేన్ని చూసి పెట్టుంటారో పిల్లల్నే అడగండి.

ప్రశ్న: అమ్మా, నేను రిటైరైన మనిషిని, పొద్దున్నా సాయంత్రం మొక్కల మధ్యే గడుపుతాను. ఇంగ్లీషు వాళ్ళకి ఒక్కో పురుగు గుంపుకి ఒక్కో పేరుంటే మనకేమో అన్నిటికీ గుంపు ఒక్కటేనా? మన భాష ఇంత పేదదని ఇన్నాళ్ళూ అనుకోలేదు.

జవాబు: బాబాయ్ గారూ, ఆ ఆఖరి మాట వెనక్కి తీసుకోండి. మీరు చీమల్ని చూసి "చీమల గుంపు" అని ఎప్పుడైనా అన్నారా? చీమల బారు అంటారు. మిడతల్ని మిడతల దండు అంటారు. ఈగలు ముసిరాయి అంటారు, తేనెటీగలకి తుట్టె అంటారు, పట్టు అంటారు, జనం ఎక్కువైతే ఉసిళ్ళ పుట్ట పగిలినట్టు వచ్చారంటారు. ఇవన్నీ రోజూ నోట్లో నలిగే మాటలు కాబట్టి వీటి విలువ మనకి తెలియదు. మనవాళ్ళు జంతువుకొక పేరు పెట్టలేదు, ఆ జంతువులు కలిసి చేసే పనికి పేరు పెట్టారు. అందుకే బారు అనే మాట చీమలకీ వస్తుంది, ఆకాశంలో పోయే కొంగలకీ వస్తుంది, రెండూ ఒకదాని వెనక ఒకటి పోతాయి కనక.

బారు అన్నది ఎంత కరెక్టో మీ ఇంట్లోనే చూడొచ్చు. గోడ మీద చీమలబారు పోతుంటే మధ్యలో వేలుతో ఒకసారి అడ్డంగా గట్టిగా తుడవండి, చీమల్ని చంపొద్దు, దారిని మాత్రమే. వచ్చిన చీమ వచ్చినట్టే ఆ గీత దగ్గర ఆగిపోతుంది, మీసాలు ఆడిస్తూ అటూ ఇటూ తిరుగుతుంది, దాని వెనక వచ్చింది కూడా అక్కడే ఆగుతుంది, రెండువైపులా చిన్న సంత తయారవుతుంది, కాసేపటికి ఒకటి ఎలాగో ధైర్యం చేసి దాటుతుంది, ఆ వెనక ఇంకోటి, చూస్తుండగానే బారు మళ్ళీ అతుక్కుంటుంది. ముందు పోయిన చీమ నేల మీద వదిలిన వాసనే వాటికి రోడ్డు, మనం తుడిచింది ఆ రోడ్డునే. చాలామంది మగ్గు నీళ్ళు కొట్టేసి వెళ్ళిపోతారు, ఐదు నిమిషాలు కూర్చుంటే ఇంత కథ ఉంది అక్కడ.

దండు సంగతి ఇంకా ఆశ్చర్యం. దండు అంటే సైన్యం, దండయాత్రలోని దండు. గడ్డిలో ఎగిరే నాలుగు మిడతల్ని చూసి ఎవరూ దండు అనరు, వేలు లక్షలు కలిసి కదిలినప్పుడే అంటారు. చాలాకాలం శాస్త్రవేత్తలు కూడా ఈ ఒంటరి మిడత వేరే జాతి, దండుగా వచ్చేది వేరే జాతి అనుకున్నారు. 1921లో బోరిస్ యువరోవ్ అనే శాస్త్రవేత్త మాత్రం ఆ మాట తప్పని, రెండూ ఒకటే పురుగని, పరిస్థితిని బట్టి అవతారం మారుస్తుందని చెప్పాడు. ఎడారి మిడత ఒంటరిగా ఉన్నప్పుడు తోటి మిడత కనిపిస్తే తప్పుకుని పోతుంది, తిండి ఉన్న చోటు తగ్గిపోయి ఒకదానికొకటి రాసుకోవాల్సి వస్తే, ముఖ్యంగా వెనక కాళ్ళకి పదేపదే తాకుడు తగిలితే, గంటల్లో దాని బుద్ధే మారిపోతుంది, దూరం జరిగేది కాస్తా దగ్గరకి రావడం మొదలుపెడుతుంది. దీని వెనక సెరటోనిన్ అనే రసాయనం ఉందని 2009లో తేలింది, మన మెదడులో ఉండేది కూడా అదే. చదరపు కిలోమీటరు దండులో 4 కోట్ల నుంచి 8 కోట్ల మిడతలుంటాయని ఐక్యరాజ్యసమితి ఆహార సంస్థ లెక్క. అంటే మామూలు మనిషి సైన్యంలో చేరినట్టు మిడత నిజంగానే దండులో చేరుతుంది, ఈ సైన్సేమీ తెలియకుండానే మనవాళ్ళు వట్టి కళ్ళతో చూసి దండు అనేశారు.

ముసురు కూడా చూడండి, వానకీ అదే మాట, ఈగలకీ అదే మాట. పెద్ద వానకి ముసురు అనం, పట్టిందంటే వదలకుండా సన్నగా కురుస్తూనే ఉండేదాన్ని అంటాం. ఈగల్ని తోలండి, అరనిమిషంలో మళ్ళీ అక్కడే. ఆ వదలకపోవడం అంతా ఒక్క మాటలో ఉంది.

ఇన్ని ఉన్న భాషని పేదదని ఎలా అంటామండి.

ప్రశ్న: మా ఇంటి వెనక పంపు దగ్గర తడి మట్టి మీద పది పదిహేను పసుపు సీతాకోకచిలకలు రోజూ వాలుతున్నాయి మేడమ్, పువ్వులు పక్కనే ఉన్నా అటు పోవట్లేదు. ఎందుకు? వీటిని కూడా రాబుల్ అనొచ్చా?

జవాబు: వీటిని మాత్రం రాబుల్ అనలేం, ఎందుకంటే ఇవి గొప్ప క్రమశిక్షణతో కూర్చుంటాయి. మీరు మోకాళ్ళ మీద కూర్చుని, మీ నీడ వాటి మీద పడకుండా మెల్లగా దగ్గరికి జరగండి. వాచీలో స్ప్రింగులా చుట్టుకుని ఉండే నాలుకని సాగదీసి మట్టిలోకి దించేసి ఉంటాయి, రెక్కలు పైకి మూసుకుని, దాదాపు అన్నీ ఒకేలా. ఇంకొంచెం ఓపిక పడితే ఒక వింత కనిపిస్తుంది, ముందునుంచి నీళ్ళు తాగుతూ తాగుతూనే వెనకనుంచి చుక్కా చుక్కా బయటికి వదిలేస్తుంటాయి. మొదటిసారి చూసినప్పుడు నేను నా కళ్ళని నమ్మలేదు, ఇంకో పావుగంట అక్కడే కూర్చున్నా.

అసలు వాటికి కావాల్సింది నీళ్ళు కాదు, నీళ్ళలో కరిగిన ఉప్పు. పువ్వుల్లో తేనెకి తీపి ఉంటుంది గానీ సోడియం బాగా తక్కువ, గొంగళి పురుగుగా ఉన్నప్పుడు తిన్న ఆకుల్లోనూ అంతే. అందుకే తడి మట్టి, పేడ, చెమట పట్టిన మనిషి చెయ్యి, ఏది దొరికితే అక్కడ వాలి నీళ్ళు వడకట్టుకుని ఉప్పు మిగుల్చుకుంటాయి. ఇలా వచ్చేవి ఎక్కువగా మగవే. అవి జతకట్టేటప్పుడు ఆ ఉప్పుని ఆడదానికి అందిస్తాయి, అక్కడినుంచి అది గుడ్లకి చేరుతుంది. అంటే మీ పంపు దగ్గర ఆ మగ సీతాకోకచిలకలు పుట్టబోయే పిల్లలకి సంపాదిస్తున్నాయి.

ఒకటి వాలితే దాన్ని చూసి ఇంకోటి వాలుతుంది, బొమ్మ సీతాకోకచిలకని పెట్టినా మోసపోయి దిగుతాయి. ఇంగ్లీషులో దీనికి పడ్లింగ్ అని, గుంపుకి పడిల్ క్లబ్ అని సరదా పేరుంది. నేనైతే నా నోట్‌బుక్కులో సీతాకోకచిలకల రేవు అని రాసుకున్నాను, నీళ్ళ కోసం అందరూ దిగే చోటు రేవే కదా.

మీకో చిన్న పని, ఆ మట్టి ఎండిపోకుండా చూడండి. ఒక వెడల్పాటి పళ్ళెంలో ఇసక పోసి తడిపి పెట్టినా చాలు, నీళ్ళు నిలవకూడదు, తడి మాత్రం ఉండాలి.

ప్రశ్న: ఎర్రటి వీపు మీద నల్ల చుక్కలుండే లేడీబర్డ్ పురుగుల గుంపుని లవ్లీనెస్ అంటారట, నిజమేనా? అవి గుంపుగా ఉండగా నేనైతే చూడలేదు.

జవాబు: పేరు నిజమే, ముద్దొచ్చే పురుగు కాబట్టి ముద్దుగా పెట్టుకున్నారు. మన రైతులు అక్షింతల పురుగులు అంటారు, నాకు ఆ పేరు ఇంకా ఇష్టం. తోటలో ఒంటరిగానే కనిపిస్తాయి, ఎందుకంటే ఒక్కోటి మొక్కల రసం పీల్చే పేనుబంక పురుగుల్ని వెతుక్కుంటూ దాని డ్యూటీలో అది ఉంటుంది. చలో, కరువో వచ్చి తిండి దొరకని కాలం వస్తే మాత్రం చాలా జాతులు వేలకి వేలు ఒకచోట చేరి నిద్రపోతాయి, అమెరికాలో కాలిఫోర్నియా కొండల్లో అయితే రాళ్ళూ దుంగలూ కనపడనంతగా కప్పేస్తాయి. ఎక్కడికి చేరాలో వాసనతో తెలుసుకుంటాయి. ముట్టుకుంటే కాళ్ళ కీళ్ళలోంచి పసుపుపచ్చటి చేదు ద్రవం కారుస్తాయి, ఎరుపు రంగే "నన్ను తినకు" అనే బోర్డు, ఒక బోర్డు కన్నా వెయ్యి బోర్డులు దూరం నుంచే కనిపిస్తాయి. లవ్లీనెస్ అని మనం అనుకుంటున్నది పిట్టలకి వార్నింగ్.

ప్రశ్న: నమస్తే. నేను ట్రాన్స్‌లేషన్ పనులు చేస్తుంటాను. తేనెటీగల మీద ఒక వ్యాసంలో స్వార్మ్, కాలనీ, హైవ్, క్లస్టర్ అని నాలుగు మాటలొచ్చాయి, నాలుగింటికీ తేనెతుట్టె అని రాస్తే ఎడిటర్ గారు ఎర్ర ఇంకుతో కొట్టేశారు. తప్పేంటి?

జవాబు: ఎడిటర్ గారు కొట్టేసింది న్యాయమే తమ్ముడూ, ఏమనుకోకు. ఈ నాలుగూ ఒకదానికి నాలుగు పేర్లు కావు, నాలుగు వేరు వేరు సంగతులు.

హైవ్ అంటే ఇల్లు. మనిషి పెట్టినదైతే తేనెటీగల పెట్టె అను. చెట్టుకి అవి సొంతంగా కట్టుకున్నదైతే తేనెపట్టు, తేనెతుట్టె. ఖాళీగా ఉన్నా అది హైవే, లోపల ఒక్క ఈగ లేకపోయినా. కాలనీ అంటే ఆ ఇంట్లో ఉండేవాళ్ళు, ఒక రాణి, వేల కొద్దీ పనిచేసే ఈగలు, సీజన్లో కొన్ని మగ ఈగలు. తేనెటీగలు పెంచేవాళ్ళు దీన్ని కుటుంబం అంటారు, ఎన్ని కుటుంబాలున్నాయి అని అడుగుతారు, నువ్వూ అదే రాయి, అంతకన్నా మంచి మాట దొరకదు.

స్వార్మ్ అంటే కుటుంబం రెండుగా చీలిన రోజు. లోపల జనం ఎక్కువై కొత్త రాణి తయారవుతుంటే పాత రాణి ఇల్లు కొత్తవాళ్ళకి వదిలేసి సగానికి పైగా ఈగల్ని వెంటబెట్టుకుని బయటికొచ్చేస్తుంది. మనుషుల్లో పిల్లలు వేరు కాపురం పెడతారు, వీటిలో తల్లే పెడుతుంది. బయటికొచ్చిన ఆ పది ఇరవై వేల ఈగలు దగ్గర్లో ఒక కొమ్మకి గడ్డంలా వేలాడతాయి, అదీ క్లస్టర్. దాన్ని తుట్టె అంటే తప్పు, అక్కడ మైనం లేదు, తేనె గదులు లేవు, ఈగలు ఒకదాని కాళ్ళు ఒకటి పట్టుకుని వేలాడుతున్నాయి, అంతే. నేనైతే ఈగల గుత్తి అని రాస్తాను, ద్రాక్ష గుత్తి, తాళాల గుత్తి అన్నట్టు.

ఆ గుత్తి దగ్గరే అసలు నాటకం నడుస్తుంది, నీ వ్యాసంలో లేకపోయినా చెప్పకుండా ఉండలేను. కొన్ని వందల ఈగలు ఇల్లు వెతకడానికి వెళ్ళి వస్తాయి, వచ్చి ఆ గుత్తి మీదే నాట్యం చేసి, ఎటువైపు ఎంత దూరంలో చోటుందో చెప్తాయి. ఈ నాట్య భాషని అర్థం చేసుకున్న కార్ల్ ఫాన్ ఫ్రిష్‌కి 1973లో నోబెల్ వచ్చింది. ఆయన శిష్యుడు మార్టిన్ లిండావర్, రెండో ప్రపంచ యుద్ధం అయిపోయిన కొత్తలో, బాంబులతో కూలిపోయిన మ్యూనిచ్ నగరంలో ఒక గుత్తిని గమనిస్తూ, నాట్యం చేసే ఈగలు పుప్పొడితో కాకుండా మసి కొట్టుకుపోయీ ఇటుకపొడి అంటుకునీ ఉన్నాయేంటని ఆశ్చర్యపోయాడు. పొగ గొట్టాల్లో, కూలిన గోడల్లో దూరి కొత్త ఇల్లు చూసొస్తున్నాయవి. మంచి చోటు చూసొచ్చినది ఎక్కువసేపు నాట్యం చేస్తుంది, దాన్ని చూసి ఇంకొన్ని వెళ్ళి స్వయంగా చూసొస్తాయి, అలా అలా ఒక చోటు వైపే మొగ్గు వచ్చేదాకా, కొన్నిసార్లు రెండు మూడు రోజులు కూడా, ఆ కొమ్మ మీదే చర్చ. రాణి ఈ నిర్ణయంలో వేలు పెట్టదు.

ఇంకోటి, ఆ విడిపోయిన ఈగలన్నీ గాల్లో లేచి పోతున్నప్పుడు స్వార్మ్‌కి దండు అని రాయకు. దండు అంటే దోచుకోడానికి వచ్చేది, ఇవి ఇల్లు మారుతున్నాయి, బయల్దేరే ముందు కడుపు నిండా తేనె నింపుకుంటాయి కాబట్టి మామూలుగా ఆ టైములో కుట్టే మూడ్‌లో కూడా ఉండవు. అలాగని దగ్గరికి వెళ్ళి రాయి వెయ్యొద్దు సుమా.

ప్రశ్న: సాలీళ్ళకి కూడా గుంపు పేరుందా? అవి ఒకదాన్నొకటి తినేస్తాయంటారు కదా!

జవాబు: క్లట్టర్ అని, క్లస్టర్ అని చెప్తారు. మీ అనుమానం సరైనదే, సాలీళ్ళు దాదాపు 50 వేల జాతులుంటే నిజంగా కలిసి బతికేవి పాతిక ముప్పైకి మించవు. కానీ గుడ్లలోంచి అప్పుడే వచ్చిన పిల్లల్ని చూశారా? కొన్ని తోట సాలీళ్ళ పిల్లలు వందల సంఖ్యలో, ఒక్కోటి ఆవగింజలో సగం కూడా ఉండదు, కొమ్మల మధ్య ఒక పసుపుపచ్చటి ముద్దలా ఉంటాయి. ఒకసారి నేను దానిమీద మెల్లగా ఊదాను. ముద్ద పేలిపోయినట్టు నలువైపులా చెదిరిపోయాయి, కంటికి కనపడని దారాల మీద అన్నీ ఒకేసారి పరుగు, ఒక్క క్షణంలో అక్కడ ముద్ద లేదు, గాల్లో చుక్కలున్నాయి. కదలకుండా నిలబడ్డాను, పది నిమిషాల్లో ఒక్కొక్కటే వెనక్కొచ్చి మళ్ళీ అదే ముద్ద. కొన్నాళ్ళకి ఎవరి దారిన వాళ్ళు దారం పోగు గాలికి వదిలి ఎగిరిపోతారు, ఆ తర్వాత ఎదురుపడితే మాత్రం మీరన్నది జరగొచ్చు.

ప్రశ్న: ఆంటీ, నాకు పదేళ్ళు. వానపాములు కుండీ కింద చాలా ఉన్నాయి, అన్నీ ముడి పడిపోయాయి. వాటికి పేరుందా? మా అన్నయ్య ఛీ అన్నాడు.

జవాబు: ఉంది కన్నా, చాలా మంచి పేరుంది. ఇంగ్లీషులో క్లూ అంటారు. డిటెక్టివ్ కథల్లో క్లూ దొరికింది అంటారే, ఆ మాటకి అమ్మ ఈ మాట. పాత ఇంగ్లీషులో దానికి దారపు ఉండ అని అర్థం. గ్రీకు కథలో థీసియస్ అనే వీరుడు దారి తెలియని చిక్కుదారుల భవనంలోకి దారపు ఉండ పట్టుకుని వెళ్ళి, ఆ దారం పట్టుకునే బయటికొస్తాడు, అందుకని దారి చూపించేదల్లా క్లూ అయ్యింది. మనం వానపాముల ఉండ అందాం, వానపాముల్నే ఎర్రలని కూడా అంటారు కాబట్టి ఎర్రల ఉండ అన్నా సరే, నువ్వు చూసింది అచ్చం అదే కదా.

అవి ముడి పడిపోలేదు, కావాలనే కలిసున్నాయి. వాటికి కళ్ళు లేవు, చెవులు లేవు, ఒకదాన్నొకటి తాకుతూ మాట్లాడుకుంటాయి. 2010లో బెల్జియంలో లీజ్ యూనివర్సిటీ వాళ్ళు రెండు దారులున్న చోట వానపాముల్ని వదిలి చూశారు, ఒకదానికొకటి తగులుతూ బయల్దేరినవి ఎక్కువసార్లు ఒకే దారిలో వెళ్ళాయి. కలిసి ఉండ కడితే ఒంట్లో తడి కూడా త్వరగా ఆరదు, వానపాము చర్మంతోనే ఊపిరి పీలుస్తుంది కాబట్టి తడి పోతే దానికి ఊపిరి పోయినట్టే. చూసేశావు కదా, ఇక కుండీ మళ్ళీ యథాప్రకారం పెట్టెయ్యి, ఎండ తగలనివ్వకు. మీ అన్నయ్యకి క్లూ కథ చెప్పు.

ప్రశ్న: గొంగళి పురుగుల గుంపుని ఆర్మీ అంటారట. మరి తెలుగులో దండు అనెయ్యొచ్చా?

జవాబు: చేను మొత్తం మేసి పక్క చేను మీద పడే రకం అయితే దండే. కానీ పైన్ చెట్ల మీద ఉండే ఒక రకం ఉంది, అవి తల ముందుదాని తోకకి ఆనించి రైలుబండిలా పోతాయి, దారి పొడవునా పట్టు పోగు పరుచుకుంటూ. ఫ్రాన్సులో జాన్ ఆన్రీ ఫాబ్ర్ అనే ఆయన ఒకసారి వాటిని పెద్ద పూలకుండీ అంచు మీద గుండ్రంగా తిరిగేలా చేస్తే, ముందు ఎవరో వెనక ఎవరో లేకుండా ఏడు రోజులు ఆ అంచు మీదే తిరిగాయి. వాటిని బారు అనాలి. ఏ గొంగళి అని అడక్కుండా పేరు పెట్టలేం.

ప్రశ్న: అక్కా, అయితే చివరికి సీతాకోకచిలకల గుంపుకి తెలుగులో మీరు ఏ పేరు పెడతారు? ఒక్కటి చెప్పండి. మేం "రంగుల జల్లు" అనుకున్నాం. – ముగ్గురు స్నేహితురాళ్ళు

జవాబు: రంగుల జల్లు వినడానికి చాలా బాగుందమ్మా, ఒకేసారి పొదలోంచి లేచినప్పుడు అచ్చం అలాగే ఉంటుంది, ఆ క్షణానికి వాడుకోండి. ఒక్కటే పేరు అంటే మాత్రం నావల్ల కాదు, ఎందుకంటే సీతాకోకచిలకలు కాపురం ఉండేవి కావు, అవసరానికి కలిసేవి, ఏ అవసరానికి కలిస్తే ఆ పేరు. మట్టి మీద రేవు. వలస పోయేటప్పుడు ఒకే దిక్కుకి గంటల తరబడి సాగిపోతుంటే బారు. పువ్వుల మీద ఎవరి దారిన అవి తిరుగుతుంటే, మీరు తిట్టుకున్నా సరే, గుంపు.

రాత్రికి మాత్రం గుత్తి. అమెరికా ఖండంలో మోనార్క్ సీతాకోకచిలకలు చలికాలానికి వేల కిలోమీటర్లు ఎగిరి మెక్సికో కొండల్లో ఓయామెల్ అనే ఫర్ చెట్లకి చేరతాయి. బయటి ప్రపంచం శాస్త్రవేత్తలకి ఆ చోటు తెలిసింది 1975లోనే. కొమ్మలు బరువుకి వంగిపోతాయి, మానులు కనపడవు, ఒక్కొక్కటిగా లెక్కపెట్టడం కుదరక ఎన్ని హెక్టార్ల అడవిలో వాలాయని కొలుస్తారు. 1996-97 చలికాలంలో 18 హెక్టార్లు దాటాయి, 2013-14కి 0.67 హెక్టారుకి పడిపోయాయి. ఆ రెండు అంకెలు పక్కపక్కన చూసిన రోజు నాకు నిద్ర పట్టలేదు. గుత్తి అనే మాట ఉండి, గుత్తి లేకుండా పోతే ఏం చేసుకుంటాం.

అంత పెద్దవే కానక్కర్లేదు, చిన్న గుత్తులు కూడా ఉంటాయి. మధ్య, దక్షిణ అమెరికాల్లో హెలికోనియస్ అని ఒక రకం ఉంది, పగలంతా ఒంటరిగా తిరుగుతాయి, పొద్దు వాలేసరికి ఒక్కొక్కటే అదే ఎండు కొమ్మకి, నిన్న పడుకున్న కొమ్మకే, తిరిగొచ్చి రెక్కలు మూసుకుని వేలాడతాయి. మీ తోటలో ఏ రకం ఉన్నా సాయంత్రం సూర్యుడు దిగే టైముకి గాలి తగలని మూల ఎండు పుల్లలు, తీగలు వెతకండి. మొదట ఎండుటాకులే అనుకుంటారు. టార్చి వెయ్యొద్దు, కొమ్మ కదపొద్దు, ఎన్నున్నాయో లెక్కపెట్టి రేపు సాయంత్రం మళ్ళీ రండి, ఎన్నొచ్చాయో నాకు రాయండి.